గొలుసు రంపం పుట్టిల్లు

ఇంట్లో ఏ వస్తువైనా వున్నట్టుండి ఆగిపోతే మనం మొట్టమొదట చేసే పని ఏమిటో ఎప్పుడైనా గమనించారా? దాన్ని కొట్టడం! వెనకటికి రేడియో గొంతు పోతే నెత్తిమీద ఒక్కటి చరిచేవాళ్ళం. గోడగడియారం ఆగితే పట్టుకుని వూపేవాళ్ళం. స్కూటరు ఆగితే మగవాళ్ళు చెమటలు కారేదాకా కిక్కు మీద కిక్కు కొట్టేవారు. “ఎందుకాగిందబ్బా?” అని ఒక్క నిమిషం నిలబడి ఆలోచించేవాళ్ళు నూటికి ఒక్కరుంటే గొప్ప.

ఆ ఒక్కరిలో నేనూ లేను సుమండీ. ముప్పై ఏళ్ళపాటు ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర పాఠం చెప్పినదాన్ని. “రాజ్యము ఎందుకు పతనమయ్యెను? అయిదు కారణములు వ్రాయుము” అని పిల్లల ప్రాణాలు తోడేసినదాన్నే గాని, ఇంట్లో మిక్సీ ఆగితే నేనూ రెండు తగిలించేదాన్నే. నాకు బుద్ధి చెప్పింది ఒక రంపం. ఆ సంగతే చెప్పబోతున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖపట్నంలో వున్నవాళ్ళెవరూ ఆ తేదీ మరిచిపోరు. హుద్‌హుద్ అని ఒక పిట్ట పేరు పెట్టుకుని వచ్చింది ఆ తుపాను. పిట్ట పేరే గాని చేసిన పని రాక్షసిది. గంటకు 180 కిలోమీటర్లు పైబడిన గాలి. వూళ్ళో పచ్చగా నిలబడ్డ చెట్టన్నది లేదు. తెల్లారి తలుపు తీసి చూస్తే మా వీధి మొదట్లో ముప్పై ఏళ్ళుగా నీడనిచ్చిన నిద్రగన్నేరు వేళ్ళతో సహా లేచి దారికి అడ్డంగా పడుకుని వుంది. మా వీధికి ఇంకో దారి లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కుళాయిలో చుక్క నీరు లేదు.

వీటన్నిటికీ మేము ఓర్చుకునేవాళ్ళమే. కాని ఎదురింటి పిన్నిగారి అమ్మాయి పురిటికొచ్చి వుంది. తొమ్మిదో నెల. బిడ్డ ఎదురుకాళ్ళతో వుంది, నొప్పులు మొదలవగానే ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. పిన్నిగారు గేటు దగ్గర నిలబడి ఆ చెట్టు వైపే చూస్తూ వుండేది. “రాత్రికి రాత్రి నొప్పులొస్తే ఈ మాను మీంచి పిల్లనెట్లా దాటించడమమ్మా?” అని ఆవిడ అడిగితే ఏం సమాధానం చెప్పగలం?

మంగళవారం పొద్దున్న దేవుడు పంపినట్టు ఇద్దరు మనుషులు మిషను రంపం భుజాన వేసుకుని వచ్చారు. “గంటలో తీసెత్తాం అమ్మగోరూ, మీరేటీ బెంగెట్టుకోకండి” అన్నాడు రంపం పట్టుకున్న కుర్రాడు. తాడు ఒక్కటి లాగాడు. వీధి దద్దరిల్లింది. కొమ్మలు దూసినట్టు తెగిపడుతుంటే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. పిన్నిగారి మొహంలోకి రెండు రోజుల తర్వాత రక్తం వచ్చింది.

పది నిమిషాలు. అంతే. పెద్ద మాను సగం కోశాక రంపం కాస్త హడావిడిగా అరిచి, నీరసంగా మూలిగి, ఆగిపోయింది.

కుర్రాడు తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. ఇరవైసార్లు లాగి వుంటాడు. రెండోవాడు దాన్ని నేలమీద పెట్టి ఒక్కటి చరిచాడు కూడాను. “ఏటో అమ్మా, ఉన్నపాటున ఆగిపోనాది. దీనికి దెయ్యం పట్టినాది” అని చెమట తుడుచుకున్నాడు.

మావారికి మోకాళ్ళ నొప్పులు. వరండాలో కుర్చీలో కూర్చుని వున్నారు. ఇరవైరెండేళ్ళు రెండు స్ట్రోకుల స్కూటరు నడిపిన అనుభవం ఆయనది. నడిపిన కాలం కంటె వొరగదీసి, ప్లగ్గు వూడదీసి, గరుకు కాగితంతో రుద్దిన కాలం ఎక్కువేమో! ఈ రంపంలో వుండే ఇంజను ఆ స్కూటరు ఇంజనుకు స్వయానా తమ్ముడు. అందుకని అక్కణ్ణించే కేకేశారు. “ఒరే అబ్బాయ్, లాగడం ఆపు! ముందు ఆ తాడు ఎట్లా వస్తోందో చెప్పు!”

ఆ తర్వాత గంటసేపు ఆయన వరండాలోంచి అడగడం, కుర్రాడు చూసి చెప్పడం, నేను మధ్యన నిలబడి ఈ మాట అటూ ఆ మాట ఇటూ చేరవెయ్యడం. అప్పుడు నాకు తోచింది. ఇది అచ్చం నా చరిత్ర పాఠంలాగే వుందే అని! ఒక్కొక్క భాగాన్నీ “నీవల్లా ఆగింది?” అని అడుగుతూ పోతే, ఆ భాగాన్ని ఎవరో ఒకరు ఎన్నో తంటాలు పడి కనిపెట్టిన కథ బయటికొస్తుంది. ఆ కథలన్నీ తర్వాత తీరిగ్గా పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాననుకోండి. కుర్రాడు చూసిన వరసలోనే మీకు చెబుతాను.

మొదటి ప్రశ్న తాడుది. తాడు అసలు కదలకపోతే ఇంజను పట్టేసినట్టు. మరీ వదులుగా, బావిలో చేద దిగినట్టు వచ్చేస్తే లోపల పిస్టనుకు పట్టు పోయినట్టు. చేతికి తగినంత బిగువుగా వస్తే లోపల క్షేమమే. మా రంపానికి తాడు బిగువుగానే వచ్చింది.

ఇంజను పట్టెయ్యడం ఏమిటంటే, మామూలు కారు ఇంజనుకు అడుగున నూనె నిలవుండే గిన్నె వుంటుంది. రంపాన్ని పక్కకు తిప్పి, తలకిందులు చేసి కొయ్యాలి గదా, ఆ గిన్నె వుంటే నూనె ఎటో పోతుంది. అందుకని దీనికి రెండు స్ట్రోకుల ఇంజను పెట్టి, పెట్రోల్లోనే నూనె కలిపి పోస్తారు. వెనకటి రోజుల్లో స్కూటరుకి పెట్రోలు బంకులో నూనె కొలిచి పోయడం మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. నూనె మరిచిపోయారో, పిస్టను వేడెక్కి గొట్టానికి కరుచుకుపోతుంది.

ఈ ఇంజను రంపంలోకి ఎక్కడం సుఖంగా జరగలేదు. 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు గొలుసు రంపం ఒకటి తయారుచేశాడు. అది కరెంటుతో నడిచేది, బరువు 64 కిలోలు! అడవిలో కరెంటెక్కణ్ణించి తెస్తారు? మరుసటి ఏడు, అంటే 1927లో, ఎమిల్ లెర్ప్ అనే మరో జర్మను పెట్రోలు రంపం చేసి, డోల్మార్ అనే కొండమీద పరీక్ష చేసి చూశాడు. ఆ కొండ పేరే తన రంపానికి పెట్టుకున్నాడు. 1929లో స్టీల్ కూడా పెట్రోలు రంపం తెచ్చాడు. అదీ 46 కిలోలు. చెరో పక్కా ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని లేచేది కాదు. మనింట్లో పెళ్ళినాటి రుబ్బురోలు ఎత్తుకుని అడవిలో నడిచినట్టు వూహించుకోండి.

రెండో ప్రశ్న: ఆగేటప్పుడు ఎట్లా ఆగింది? దీపం ఆర్పినట్టు టక్కున ఆగితే నిప్పురవ్వ పోయిందని అనుమానించాలిట. హడావిడి చేసి, మూలిగి, నీరసించి ఆగితే తిండి అందలేదని అనుకోవాలిట. మాది మూలిగి ఆగింది. అయినా ప్లగ్గు తీసి చూడమన్నారు మావారు. ప్లగ్గు తడిగా వుంటే పెట్రోలు వస్తోంది, వెలిగించేవాడే లేడని అర్థం. లేదా పెట్రోలు మరీ ఎక్కువై మునిగిపోయిందని. నల్లగా మసిపట్టి వుంటే నూనె ఎక్కువయిందనో, గాలి చాలటంలేదనో అర్థం. పొడిగా వుంటే పెట్రోలే రావడం లేదన్నమాట. కుర్రాడు ప్లగ్గు తీసి, వేలితో తడిమి, “పొడిగున్నాది బాబూ” అన్నాడు.

ఈ నిప్పురవ్వకీ ఒక కథ వుంది. రంపానికి బ్యాటరీ లేదు గదా, మరి నిప్పెక్కడిది? తాడు లాగితే లోపల అయస్కాంతం తగిలించిన చక్రం తిరుగుతుంది. పక్కనే తీగచుట్ట వుంటుంది. అయస్కాంతం దాని పక్కనుంచి పరుగెత్తినప్పుడల్లా విద్యుత్తు పుట్టి ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతుంది. 1902లో అదే స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కార్ఖానాలో గాట్లాబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు ఈ పద్ధతిని సానబట్టి ప్లగ్గుతో జతచేశాడు. అది మోటారు కార్ల కోసం చేసినది. పాతికేళ్ళ తర్వాత రంపం చేసేవాళ్ళకు సిద్ధంగా చేతికందింది. ఒకరు వండిన అన్నం ఇంకొకరు తింటారు. చరిత్రలో ఇది మామూలే.

ఇక మూడోది తిండి. పెట్రోలు వుంది గాని ప్లగ్గు దాకా రావడం లేదు. దారిలో ఎక్కడో ఆగింది. ముందు గాలి జల్లెడ తీసి చూశారు. రంపప్పొట్టు కాస్త వుంటే దులిపారు. తర్వాత ఇంజను బాగా చల్లారేదాకా ఆగి, పెట్రోలు టాంకు మూత తీసి, లోపలి జల్లెడ వుండను కొక్కెంతో పైకి లాగి చూశారు. అదీ శుభ్రంగానే వుంది. మూత బిగించి తాడు లాగాడు. ఆశ్చర్యం! రెండో లాగుడుకే రంపం అందుకుంది. “కార్బొరేటర్లో నలకేదో వుండి వుంటుంది, పోయింది” అని మావారు మీసం మీద చెయ్యేశారు.

కార్బొరేటరంటే పెట్రోల్నీ గాలినీ పాళ్ళు తప్పకుండా కలిపి ఇంజను నోటికందించే వంటమనిషి. మొదటి కాలపు రంపాల్లో కార్బొరేటరుకి ఫ్లోటు వుండేది. మన మేడమీద నీళ్ళ టాంకులో తేలే బంతి లాంటిదే. నీళ్ళు నిండగానే బంతి లేచి కుళాయి మూస్తుంది. బాగానే వుంది. కాని టాంకుని పక్కకు వొరగదీస్తే? బంతికి పైకీ కిందకీ తేడా తెలీక అంతా అస్తవ్యస్తం. అందుకని ఆనాటి రంపాల్లో ఇంజనెప్పుడూ నిటారుగానే వుండాలి. పక్కకు కొయ్యాలంటే కోసే పట్టీని విడిగా తిప్పుకోవాలి. 1940ల చివరా, 1950ల్లోనూ బంతికి బదులు సన్నటి పొర వున్న కార్బొరేటర్లు వచ్చాయి. చెవిలో కర్ణభేరి లాంటి పొర. తలకిందులు చేసినా దానికి లెక్కలేదు. అప్పుడు గాని మనిషి రంపాన్ని తన ఇష్టమొచ్చినట్టు తిప్పగలగలేదు. స్టీల్ కంపెనీ ఒక్కమనిషి పట్టుకోగల పెట్రోలు రంపాన్ని 1950లో తెచ్చింది, 16 కిలోలది. 1959 నాటికి అది 12 కిలోలకు దిగింది. రుబ్బురోలు కాస్తా నిండు నీళ్ళబిందె అయిందన్నమాట.

సరే, మా రంపం మళ్ళీ పరుగందుకుంది. మాను మీంచి తెల్లటి తునకలు ఎగిరిపడుతున్నాయి. “సూడండమ్మా, పొట్టు పిండిలాగ రాల్తే పళ్ళు మొద్దుబారినట్టు. ఇట్టాగ ముక్కముక్కలుగ రాల్తే పదునున్నట్టు” అని కుర్రాడు నాకు పాఠం చెప్పాడు. వడ్రంగి రంపంకింద పడేది పిండి. దీనికింద తునకలెందుకు పడతాయి?

ఇది ఒక పురుగు పెట్టిన భిక్ష. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతూ, ఒక మొద్దులో చెట్టు తొలిచే పురుగుని చూశాడు. చూపుడువేలంత లావు. అప్పటి గొలుసు రంపాల పళ్ళు వడ్రంగి రంపం పళ్ళలాంటివే. మాటిమాటికీ ఆకురాయితో పదును పెట్టుకోవాలి. ఈ పురుగు మాత్రం చెక్క నిలువునా అడ్డంగా కూడా అవలీలగా తినేస్తోంది. ఎట్లాగబ్బా అని ఆయన పరీక్షగా చూశాడు. దాని రెండు దవడలూ పైకీ కిందకీ గాక, కుడికీ ఎడమకీ కొరుకుతున్నాయి. అంతే, ఆ దవడల్ని ఉక్కుతో చేసి గొలుసుకి కుడివైపొకటీ ఎడమవైపొకటీ తగిలించాడు. 1947లో పోర్ట్‌లండ్‌లో తన ఇంటి నేలమాళిగలోనే వాటిని చేసి అమ్మటం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో తిరుగుతున్న గొలుసు రంపాల్లో చాలాభాగం ఆ పురుగు దవడతోనే కొరుకుతున్నాయి. పురుగేకదా అని కాలితో నలిపేసి వుంటే?

నేనిట్లా తునకలు చూస్తూ వుండగానే పది నిమిషాలయింది. రంపం హడావిడి చేసింది, మూలిగింది, ఆగింది.

ఈసారి పిన్నిగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపలినుంచి ఆ పిల్ల “అమ్మా, ఎంతవరకొచ్చింది?” అని అడగడం వినిపిస్తోంది. కుర్రాడు మళ్ళీ తాడు పట్టాడు. లాగితే రాదు. చల్లార్చి, మూత తీసి పెట్రోలు చూసి, మూత బిగించి లాగితే వచ్చింది. పది నిమిషాలకు మళ్ళీ ఆగింది. మావారు కార్బొరేటర్ విప్పమంటున్నారు. రెండోవాడు గాజువాక వెళ్ళి మెకానిక్కుని తెస్తానంటున్నాడు. ఆ రోజున గాజువాక వెళ్ళి రావడమంటే కాశీకి పోయి రావడమే.

మూడోసారి మూత తీసినప్పుడు నేను పక్కనే వున్నాను. “తుస్సు”మని చిన్న చప్పుడు. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు.

ఆ చప్పుడు నాకు తెలుసు! మీకూ తెలుసు. పదిహేను కిలోల నూనె డబ్బాకి ఒక మూల మేకుతో చిల్లు పొడిచి వంచుతాం. మొదట ధారగా వస్తుంది. తర్వాత గుడగుడమని, చుక్కచుక్కగా, చివరికి ఆగిపోతుంది. డబ్బానిండా నూనె వుంటుంది, రాదు. కొత్తకోడళ్ళు డబ్బాని కుదిపేస్తారు. అత్తగారు వచ్చి ఎదురు మూల ఇంకో చిల్లు పొడుస్తుంది. నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి గదటే అంటుంది!

“బాబూ, మూత తీసినప్పుడల్లా స్టార్టవుతోంది. మూసి పెడితే పది నిమిషాలకు ఆగుతోంది. ఈ టాంకుకి గాలి పోయే రెండో చిల్లెక్కడుందీ?” అన్నాను.

కుర్రాడు నా మొహంకేసి వింతగా చూశాడు. మూత తిప్పి చూశాడు. దాంట్లో ఆవగింజంత రంధ్రం. తుపాను బురదా, నూనె జిడ్డూ, రంపప్పొట్టూ కలిసి మైనంలాగ పూడుకుపోయి వుంది. పెట్రోలు వాడుకున్నకొద్దీ లోపల గాలి చాలక టాంకు గుక్కపట్టేది. పాపం, రంపానికి దెయ్యమూ పట్టలేదు, రోగమూ రాలేదు. వూపిరాడలేదు. నా గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. ఆ జిడ్డు తీసి, మూతని పెట్రోలుతో కడిగి, తుడిచి బిగించాడు. (కొన్ని రంపాల్లో ఆ రంధ్రంలో సున్నితమైన కవాటం వుంటుందనీ, పిన్నీసు పెడితే పాడవుతుందనీ, మార్చెయ్యడమే మేలనీ తర్వాత ఒక మెకానిక్కు చెప్పాడు. మా అదృష్టం బాగుంది!) ఆ తర్వాత గంటంబావులో దారి తెరుచుకుంది. రంపం ఒక్కసారి కూడా ఆగలేదు.

“ఏ మెకానిక్కు దగ్గర నేర్సినారమ్మా?” అన్నాడు కుర్రాడు.

“నూనె డబ్బా దగ్గర” అన్నాను. మావారు ఆ పూటంతా మాట్లాడలేదు.

ఆ రంపం మీద నాకు అభిమానం పుట్టి, దాని వంశవృక్షం వెతకడం మొదలుపెట్టాను. ఇంజను కథ తెలిసింది, పళ్ళ కథ తెలిసింది. మరి గొలుసు? రంపానికి గొలుసు తగిలించాలన్న బుద్ధి ముందు ఎవరికి పుట్టింది? అడవిలో కట్టెలు కొట్టేవాళ్ళకే అయివుంటుందని అక్కడ వెతికాను. 1905లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ బెన్స్ అనే ఆయన పెద్దపెద్ద రెడ్‌వుడ్ మానులు కోయడానికి గొలుసు రంపం పేటెంటు పుచ్చుకున్నాడు. ఇంకా వెనక్కి వెడితే 1830లో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె చేతితో తిప్పే గొలుసు రంపం చేశాడు. అయితే ఆయన కోసింది మానులు కాదు, ఎముకలు. పట్టీ చుట్టూ తిరిగే పళ్ళగొలుసు, చూడ్డానికి అచ్చం ఇవాల్టి రంపానికి బొమ్మలాగే వుంటుంది. ఇంకా వెనక్కి వెడితే ఎక్కడ తేలానో తెలుసా? పురిటిగదిలో!

చదువుతూ చదువుతూ పుస్తకం మూసేసి కాసేపు అట్లా కూర్చుండిపోయాను.

స్కాట్లండులో జాన్ ఐట్కెన్ అనీ, జేమ్స్ జెఫ్రే అనీ ఇద్దరు వైద్యులు. 1785లో ఐట్కెన్ అచ్చువేసిన మంత్రసాని శాస్త్రం పుస్తకంలో ఈ రంపం బొమ్మ వుంది. గడియారంలోని గొలుసంత సన్నటి గొలుసు, దానికి పళ్ళు, రెండు కొసలా రెండు పిడులు. ఇంజనూ లేదు, పాడూ లేదు. రెండు చేతుల్తో అటూ ఇటూ లాగడమే. ఎందుకంటే, బిడ్డ అడ్డుపడి కాన్పు ఆగిపోయినప్పుడు తల్లి కటి ఎముకలు ముందువైపు కలిసే కీలు కోసి దారి వెడల్పు చెయ్యడానికి. జెఫ్రే దాన్ని రోగం పట్టిన ఎముకలు తీసెయ్యడానికి కూడా పనికొస్తుందన్నాడు.

ఆ ఆపరేషను అప్పటికే కత్తితో జరుగుతూండేది. 1777లో ప్యారిస్‌లో సీగో అనే వైద్యుడు మదాం సూషో అనే ఒక సైనికుడి భార్యకు చేశాడు. ఆవిడ పొట్టి మనిషి, ఎముకలు వంకర తిరిగే రికెట్స్ జబ్బుతో కటి ఇరుకైపోయింది. అంతకుముందు నాలుగు కాన్పులూ పోయాయి. అయిదో బిడ్డ బతికింది, తల్లీ బతికింది. వైద్యుడికి పతకం కొట్టించి మర్యాద చేశారు. ఆవిడకు మాత్రం జీవితాంతం మూత్రం నిలవని బాధ మిగిలింది. ఆ పతకంలో ఆ సంగతి చెక్కినట్టు లేదు.

అది 1777 అని గుర్తుంచుకోండి. మత్తుమందు రావడానికి ఇంకా దాదాపు డెబ్బై ఏళ్ళుంది. ఈథరు మత్తులో బోస్టన్‌లో ఆపరేషను చేసి చూపింది 1846లో. గాయం కుళ్ళకుండా లిస్టర్ కార్బాలిక్ యాసిడ్ పద్ధతి చెప్పింది 1867లో. ఆ రోజుల్లో సిజేరియన్ చేస్తే తల్లి బతకడం చాలా అరుదు. గర్భసంచిని జాగ్రత్తగా కుట్టే పద్ధతి జర్మన్ వైద్యుడు మాక్స్ సేంగర్ చూపింది 1882లో. కనక రంపం పట్టుకున్న వైద్యులు రాక్షసులని నేననను. తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ దక్కించుకోవాలన్న ఆరాటంలోంచే పుట్టింది ఆ గొలుసు. ఆ పనికే 1894లో ఇటలీలో లియొనార్డో జీలి అనే కాన్పుల వైద్యుడు సన్నటి తీగ రంపం చేశాక, పాత గొలుసు వెనక్కి తగ్గింది.

అడవి రంపం నేరుగా ఈ పురిటి రంపానికి పుట్టిన బిడ్డ అనలేం. దూరపు చుట్టరికమే. అయినా పళ్ళున్న గొలుసుకి పుట్టిల్లంటూ వుంటే అది ఇదే. దారికి అడ్డంపడిన మానుని కోసిన మా వీధి రంపం, ఎదురుకాళ్ళ బిడ్డకు దారివ్వడం కోసమే ఆ రోజు పనిచేసింది. తెలియకుండానే దాని పుట్టింటి పని చేసిందన్నమాట.

అసలు నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆ తల్లుల కాన్పు ఎందుకాగింది? కటి ఇరుకవడం వల్ల. కటి ఎందుకు ఇరుకైంది? రికెట్స్ వల్ల. రికెట్స్ ఎందుకొచ్చింది? ఈ మూడో ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇంకో నూటముప్పై ఏళ్ళు పట్టింది. 1919లో ఇంగ్లండులో మెల్లన్‌బీ తిండి లోపంవల్ల వస్తుందని కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేసి చూపాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆకలితో మాడుతున్న వియన్నాకు హారియెట్ చిక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, ఆవిడ స్త్రీ సుమండీ, బృందంతో వెళ్ళింది. 1919 నుంచి 1922 దాకా అక్కడ పసిపిల్లల మధ్య పనిచేసి, కాడ్ లివర్ ఆయిలుతోగాని, ఎండతోగాని ఆ జబ్బు నయమవుతుందని నిరూపించింది. 1922లో అమెరికాలో మెకాలమ్ కనిపెట్టినదాన్నే తర్వాత విటమిన్ డి అన్నారు. ఆడపిల్లకు చిన్నప్పుడే చెంచాడు చేపనూనె, కాస్త ఎండ దొరికితే, పాతికేళ్ళ తర్వాత రంపంతో పనే వుండదు! కోతకూ, చెంచాడు నూనెకూ మధ్య వున్నది ఒక్కటే: “ఎందుకాగింది?” అన్న ప్రశ్న.

అడగని చోట ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. సిజేరియన్ క్షేమమయ్యాక కూడా ఐర్లండులో కొన్ని ఆసుపత్రుల్లో 1940ల నుంచి 1980ల దాకా సుమారు 1500 మంది స్త్రీలకు ఆ కీలు కోసే పాత ఆపరేషనే చేశారు. ఏం చేస్తున్నారో చాలామందికి చెప్పనైనా చెప్పలేదు. నడవలేక, బరువెత్తలేక బతికిన ఆ స్త్రీలకు ప్రభుత్వం పరిహారం పథకం పెట్టింది 2014లో. మా నిద్రగన్నేరు పడిన సంవత్సరమే.

మా కథ సుఖాంతం. దారి తెరుచుకున్న అయిదో రోజున పిన్నిగారి అమ్మాయికి నొప్పులొచ్చాయి. అర్ధరాత్రి ఆటో ఆ మాను మొద్దు పక్కనుంచే వెళ్ళింది. డాక్టరమ్మ పరీక్షచేసి, ఎందుకాగిందో చూసి, సిజేరియన్ చేసింది. ఆడపిల్ల. హుద్‌హుద్ అని పేరు పెడతారేమోనని హడలిపోయాం గాని పెట్టలేదు. నలుగు పెట్టి, లేత ఎండలో ఆ పిల్లని పడుకోబెట్టిన బామ్మకి వియన్నా సంగతి తెలియదు. తెలియకపోయినా చెయ్యవలసింది చేసింది.

ఇప్పుడు మిక్సీ ఆగితే నేను కొట్టడం లేదు. తాడుకి పట్టుందా, నిప్పుందా, తిండుందా, వూపిరుందా అని వరసగా అడుగుతున్నాను. మిక్సీకి తాడేమిటని మావారు నవ్వుతారు. నవ్వనివ్వండి. మీరు కూడా ఇంట్లో ఏదైనా ఆగినప్పుడు, వస్తువైనా సరే, మనిషైనా సరే, బలంకొద్దీ లాగేముందు ఒక్కసారి మూత తీసి చూడండి. ఎన్నాళ్ళనుంచో వూపిరాడక వుండి వుండొచ్చు. గాజుకి మాత్రం ఒక పిన్నీసు ఎప్పుడూ వుంచుకోండి.